రెండు మాటల మధ్య అమ్మ

పూర్ణా మార్కెట్‌లో వంకాయలు ఏరుతూనే అమ్మ అడిగింది: "ఒక డాక్టరు ముందు ఆపరేషన్ అన్నారు, ఇంకొకాయన ముందు కీమో అన్నారు. ఎవరి మాట వినాలిరా?" నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అమ్మకు వచ్చిన రొమ్ము క్యాన్సర్‌లో గడ్డ సైజును, రకాన్ని బట్టి రెండు పద్ధతులూ ఉన్నాయని తర్వాత తెలిసింది. బయాప్సీ స్లైడ్లు, బ్లాకులు అడిగి తీసుకుని అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లాం. టాటా మెమోరియల్ సెంటర్ వారిది. స్లైడ్లు మళ్లీ చూశారు. సర్జరీ, కీమో, రేడియేషన్ డాక్టర్లు కలిసి కూర్చుని ఒకే మాట చెప్పారు, కారణంతో సహా. అమ్మ ముఖం తేటపడింది.

రెండో అభిప్రాయం అడిగితే మొదటి డాక్టరుగారికి అవమానమేమీ లేదు. అడగండి. అడగడంలో మాత్రం ఆలస్యం చేయకండి.