కంచే చేను మేసిన వేళ

ఓటమి కూడ ఒక గురువే అని పెద్దలు చెప్పగా వినడమే గాని, గత విద్యా సంవత్సరం వరకు ఆ మాటలోని భావం నాకు బోధపడలేదు.

మా నానీ ఉండే గల్లీలో నల్లా నీళ్లు రోజు విడిచి రోజు, అర్ధరాత్రి దాటిన పిమ్మట ఏ గడియకో వస్తాయి. డెబ్బది ఏళ్లు దాటిన ఆమె ఆ రాత్రులందు నిద్ర మానుకొని, బిందెలు పక్కన పెట్టుకొని, నల్లా చప్పుడుకై ఎదురుచూస్తూ కూర్చునేది. ఆ అవస్థ చూడలేక నేనొక చిన్న పరికరం తయారుచేయ పూనుకొన్నాను. నల్లా కింది బకెట్టులో రెండు తీగలుంటాయి. వాటికి నీరు తగలగానే బజరు మ్రోగుతుంది. కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్లి అట్‌మెగా 328పి మైక్రోకంట్రోలరు, 9 వోల్టుల బ్యాటరీ, దానిని 5 వోల్టులకు తగ్గించే 7805 రెగ్యులేటరు కొన్నాను. ప్రయోగశాలలో మేము నిత్యం చూచేది 7805 గనుక దానినే ఎన్నుకొన్నాను. అంతకుమించి విచారించలేదు.

“ఇక నిశ్చింతగా పడుకో నానీ, నీళ్లొస్తే ఇదే లేపుతుంది” అని చెప్పి వచ్చాను. మొదటి రాత్రి, మూడవ రాత్రి బజరు మ్రోగింది. అయిదవ రాత్రి మ్రోగలేదు. నానీ దానిని నమ్మి నిద్రపోయింది. నీళ్లు వచ్చి పోయాయి. రెండు దినాలు ఆమె పొరుగిళ్లలో బిందె పట్టుకొని అడుగవలసి వచ్చింది. నన్ను మాత్రం నిందించలేదు. “పోనీ బేటా, అది కూడ నిద్రపోయింది” అన్నది. తరువాతి నీళ్ల రాత్రి మరల మేలుకొని కూర్చున్నది.

సిగ్గుతో ఆ పరికరాన్ని మా భౌతికశాస్త్ర ఉపన్యాసకుల ముందుంచాను. “పని చేసేటప్పుడు ఎంత కరెంటు వాడుతుందో లెక్కించావు, ఏ పనీ లేనప్పుడు ఎంత వాడుతుంది?” అని వారు అడిగారు. నా వద్ద జవాబు లేదు. మల్టీమీటరును బ్యాటరీ తీగతో శ్రేణిలో కలిపి చూడగా సుమారు 5 మిల్లీ ఆంపియర్లు కనబడింది. నిద్రావస్థలో మైక్రోకంట్రోలరు కోరేది కొన్ని మైక్రో ఆంపియర్లే. మిగిలినదంతా 7805 తన లోపలి వలయాన్ని నిలుపుకొనేందుకే వాడుకొంటున్నది. డేటాషీట్లలో దీనిని క్వైసెంట్ కరెంటు అంటారు. బ్యాటరీ నిలువ సుమారు 500 మిల్లీ ఆంపియరు గంటలు. దానిని 5 చేత భాగిస్తే 100 గంటలు, అనగా నాలుగు దినాలు! పైగా 5 వోల్టులు ఇవ్వడానికి 7805కు దాదాపు 7 వోల్టులు కావాలి. బ్యాటరీ అంతకు దిగజారితే లోపల శక్తి మిగిలివున్నా ఉపయోగం లేదు. కంచే చేను మేసిందన్నమాట.

ఆ దినం నేను నేర్చుకొన్న ప్రశ్నలు మూడు. రెగ్యులేటరు తనకై ఎంత వాడుకొంటుంది? ఇచ్చే వోల్టేజికంటె ఎంత ఎక్కువ కోరుతుంది? గరిష్ఠంగా ఎంత వోల్టేజి తట్టుకొంటుంది? ఎం.సి.పి. 1700 తనకై వాడుకొనేది సుమారు 1.6 మైక్రో ఆంపియర్లు మాత్రమే; కాని 6 వోల్టులు దాటితే ఓర్వదు. హెచ్.టి. 7333 సుమారు 4 మైక్రో ఆంపియర్లు వాడుకొన్నా, 12 వోల్టుల వరకు తట్టుకొంటుంది. మేము 9 వోల్టుల బ్యాటరీనే వదలి, మూడు పెన్సిల్ సెల్లులు, 3 వోల్టుల ఎం.సి.పి. 1700 అమర్చాము. మొత్తం వాడకం 15 మైక్రో ఆంపియర్లకు మించలేదు. లెక్క ప్రకారం పదిహేనేళ్లు నడవాలి. సెల్లులే అంతకు ముందు తమంతట తాము క్షీణిస్తాయి.

అసలు ఈ మైక్రోకంట్రోలరు 1.8 మొదలు 5.5 వోల్టుల వరకు పనిచేయగలదు గనుక, మూడు సెల్లులతో రెగ్యులేటరు లేకున్నా సాగేదని తరువాత తెలిసింది. “ఇది అవసరమా?” అన్నదే అన్నిటికంటె ముందు అడుగవలసిన ప్రశ్న.

ప్రదర్శనలకు పరికరాలు సిద్ధం చేసే సోదర విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే: మీ పరికరం మ్రోగుతున్నప్పుడే గాక, మౌనంగా ఉన్నప్పుడు కూడ కొలవండి. బ్యాటరీ మార్చడానికి నాకు ఒక్క నిమిషం పట్టింది. నానీ మరల ఆ బజరును నమ్మి కన్నుమూయడానికి నెల దినాలు పట్టింది అనబోయి, ఆ మాట అశుభమని దిద్దుకొని వ్రాస్తున్నాను: హాయిగా నిద్రపోవడానికి నెల దినాలు పట్టింది.