స్కాన్‌లో ఏమీ లేదన్నారు

"స్కాన్‌ల చంకలో ఏం లేదన్నరు గదనే, మళ్ల అక్కడ కోసుడెందుకు?"

మిర్యాలగూడ నుంచి అక్క ఫోన్. వరి నాట్లకు వెళ్లే మనిషి. ఆపరేషన్ తర్వాత చెయ్యి వాస్తే పని పోతుందని ఆమె భయం.

కిందటేడు అక్క ఎడమ రొమ్ములో గడ్డ కనపడింది. నేను కోదాడ నుంచి, తను మిర్యాలగూడ నుంచి వచ్చి సూర్యాపేట బస్టాండులో కలుసుకున్నాం. మామోగ్రామ్, చంకకు అల్ట్రాసౌండ్ అక్కడే తీయించాం. సూది పరీక్షలో క్యాన్సర్ అని తేలింది. గడ్డ 3 సెంటీమీటర్లు. చంక మాత్రం శుభ్రంగా ఉందని రాశారు.

"పెట్ స్కాన్ తీయిస్తే అంతా తెలుస్తదట" అన్నారు చుట్టాలు. హైదరాబాద్‌లో డాక్టరమ్మను అదే అడిగాను. ఆమె ఓపిగ్గా చెప్పింది. అల్ట్రాసౌండ్ లింఫు గ్రంథి ఆకారాన్ని చూస్తుంది. అది గుండ్రంగా ఉబ్బినా, పై పొర మందమైనా అనుమానించి సూదితో పరీక్షిస్తారు. పెట్ స్కాన్ చక్కెరను ఎక్కువగా పీల్చే కణాలను చూపిస్తుంది. 2 మిల్లీమీటర్లకన్నా చిన్న మచ్చ మాత్రం రెండింటికీ అందకపోవచ్చు.

అక్క వెంటనే అంది: "ఎంత చెరిగినా బియ్యంల సన్న రాయి ఉంటది. పంటి కిందికొచ్చిందాక తెల్వదు."

డాక్టరమ్మ నవ్వింది. "అందుకే చంకంతా కోయం. రొమ్ములోకి నీలి రంగు మందు ఎక్కిస్తే అది ముందుగా చేరే రెండు మూడు గ్రంథులనే తీసి పరీక్షిస్తాం. అన్నీ తీసేస్తేనే చెయ్యి వాచే ప్రమాదం ఎక్కువ" అంది.

ఆ కాస్త కోత కూడా అందరికీ అక్కర్లేదట. గడ్డ 2 సెంటీమీటర్ల లోపుండి, అల్ట్రాసౌండ్‌లో చంక బాగున్న 1,400 మందికి పైగా ఆడవాళ్ల మీద ఇటలీ డాక్టర్ల ఆధ్వర్యంలో జరిగిన అధ్యయనం 2023లో వెలువడింది. చంక కోయనివాళ్లూ అయిదేళ్ల తర్వాత కోసినవాళ్లంత బాగానే ఉన్నారు. అక్క గడ్డ అంతకన్నా పెద్దది.

మూడు గ్రంథులు తీశారు. ఒకదాంట్లో 2 మిల్లీమీటర్ల లోపు మచ్చ దొరికింది. ఏ స్కానూ చూపించని సన్న రాయి! మిగతా గ్రంథులను ముట్టుకోలేదు. మందులు, రేడియేషన్ ఇచ్చారు.

రిపోర్టులో "ఏమీ లేదు" అని ఉంటే, "స్కానుకు కనపడేంత లేదు" అనే అర్థమని నాకు అప్పుడే తెలిసింది. "ఇంకా ఏం పరీక్ష మిగిలింది?" అని డాక్టర్ని అడగడానికి మొహమాటపడొద్దు.

మొన్న ఫోన్ చేసి చెయ్యెలా ఉందని అడిగాను.

"మంచిగనే ఉంది. పొలంల ఉన్న, మళ్ల చెయ్" అని పెట్టేసింది అక్క.