పెట్టెలో ఓడ

బెంగళూరులో పార్సిల్ విప్పిన మనవడు ఫోన్లో ఒకటే మాట అన్నాడు. ‘తాతయ్యా... ఓడ మునిగిపోయింది!’

విశాఖపట్నం సింధియా ప్రాంతంలో ఉండే ఆ పెద్దాయనకు నోట మాట రాలేదు. ఎనిమిది నెలల కష్టమది. స్వాతంత్ర్యం వచ్చాక మన దేశంలో తయారైన తొలి భారీ ఓడ ‘జల ఉష’. 1948లో విశాఖలో నెహ్రూ జలప్రవేశం చేయించారు. దాన్ని కట్టిన కార్మికుల్లో ఈయన తండ్రీ ఒకరు. ముత్తాత కష్టం మనవడికి తెలియాలని అసలు ఓడలోని రెండు మీటర్లను ఒక సెంటీమీటరుకు కుదించి, చెక్కతో నమూనా చేశారు.

మరి తప్పెక్కడ జరిగింది? జాగ్రత్త ఎక్కువైంది! కదలకూడదని అట్టపెట్టె నిండా దూదీ కాగితాలూ కుక్కేశారు. దారిలో పెట్టెకు తగిలిన ప్రతి దెబ్బా ఆ దూది మీదుగా వెళ్లి సన్నటి స్తంభాల మీదే పడింది.

విరిగిన ఓడ ఇంటికొచ్చింది. అతికించడానికి నెల పట్టింది. ఈలోగా ఆయనకో సంగతి తట్టింది. ఊరేగింపులో ఉత్సవ విగ్రహాన్ని పీఠం దగ్గరే కదా బిగించి కడతారు!

అంతే. ఓడ అడుగును మరలతో ప్లైవుడ్ పలకకు బిగించారు. పలకను పెట్టె అడుక్కి బిగించారు. ఓడ చుట్టూ, పైనా అంతా ఖాళీ. ఊడదీయగలిగిన క్రేన్ కడ్డీలను విడిగా చిన్న డబ్బాలో సర్దారు. థర్మకోల్ పూసలు వాడలేదు... దారాల్లో చిక్కుకుంటే తీసేటప్పుడే విరుగుతాయని. బబుల్ షీటునూ తగలనివ్వలేదు... ఎండకు రంగు మీద అచ్చులు పడతాయని. ఈ పెట్టెను మరో పెద్ద పెట్టెలో పెట్టి, రెంటికీ మధ్య అన్నివైపులా మూడంగుళాల ఫోమ్ నింపారు. మెత్తదనం ఉండాల్సింది ఓడ చుట్టూ కాదు, పెట్టె చుట్టూ!

అయినా ధైర్యం చాల్లేదు. ఓడంత బరువున్న చెక్కముక్కకు అగ్గిపుల్లలు అతికించి, ముందు దాన్ని బిగించారు. పెట్టెను నడుమెత్తు నుంచి దబ్బున వదిలారు. ‘మీకేమైనా మతిపోయిందా?’ అంటూ వంటింట్లోంచి పరుగున వచ్చింది భార్య. విప్పి చూస్తే పుల్లలన్నీ నిలబడే ఉన్నాయి. అప్పుడుగానీ ఓడను ఎక్కించలేదు. ‘స్తంభాలు పట్టుకుని ఎత్తకు, అడుగు పట్టుకో’ అని చీటీ కూడా పెట్టారు.

ఐదోరోజు ఫోన్ మోగింది. ‘తాతయ్యా, మరలు ఎంత గట్టిగా బిగించావు? నాన్న గంట నుంచీ తిప్పుతూనే ఉన్నాడు!’

పెద్దాయన హాయిగా నవ్వేశారు. మరలు రావడం లేదంటే... ఓడ క్షేమంగా రేవు చేరినట్టే!