ఛుట్టీ, చుట్టం

హైటెక్ సిటీలో ఛుట్టీల లెక్క జనవరిలోనే మొదలవుతుంది. ఏ శుక్రవారం సెలవు పెడితే నాలుగు రోజులు కలిసొస్తాయి, బాలీ పోవాలా బ్యాంకాక్ పోవాలా అని మాదాపూర్ చాయ్ బండ్ల దగ్గర ముచ్చట్లు నడుస్తుంటాయి. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు నేను తెలుగు డిగ్రీ చదువుతున్నా. ఆ దఫ్తర్ల జిందగీ ఎట్లుంటదో తర్వాత మా తమ్ముడి ద్వారానే తెలిసింది.

తమ్ముడు అక్కడ కొన్నేళ్లు చేసి, సౌదీలోని ఖోబర్‌కు పోయాడు. పక్క కుర్చీలో కూర్చున్న కరీంనగర్ దోస్తు బహ్రెయిన్ చేరాడు. ఇప్పుడు ఇద్దరి మధ్య సముద్రం, దాని మీద 1986లో తెరిచిన 25 కిలోమీటర్ల కింగ్ ఫహద్ వంతెన.

మొన్నటి రంజాన్ ఈద్‌కు తమ్ముడికి వారం ఛుట్టీ దొరికింది. బీవీ పిల్లల్ని తీసుకొని మనామా పోయాడు. అమ్మీ దిల్‌కు తగిలింది. "ఛుట్టీ దొరికితే ఇల్లు యాదికి రాలేదా వాడికి?" అంది.

అమ్మీ బాధ ఝూట్ కాదు. కానీ గల్ఫ్ మనిషి ఇంటికొస్తే ఏం జరుగుతుందో నేను దగ్గర్నుంచి చూశాను. శంషాబాద్‌లో దిగిన రాత్రే సూట్‌కేసులు తెరుచుకుంటాయి. ఎవరికి అత్తరు, ఎవరికి ఖజూర్, ఎవరికి కంబల్. తెల్లారితే రెండేళ్లలో పోయినవాళ్ల ఇళ్లకు పుర్సాకు పోవాలి. తర్వాత షాదీల దావత్‌లు, ఎవరి పిల్లాడిదో కాలేజీ ఫీజు, కొండాపూర్ ఫ్లాట్ కోసం బ్యాంకు చుట్టూ తిరుగుడు. నెల అయిపోతుంది. పోయేముందు "భాయ్‌జాన్, థక్ గయా" అంటాడు.

ఉర్దూ బడిలో నేర్చుకున్నది ఛుట్టీ, తెలుగు క్లాసులో నేర్చుకున్నది చుట్టం. ఇంటికొచ్చిన తమ్ముడికి చుట్టాలు దొరుకుతారు, ఛుట్టీ దొరకదు. వాడు చుట్టంగా పోగల ఇల్లు ఆ వంతెన అవతల ఒక్కటే ఉంది.

అక్కడికి పోవడమూ ఆసాన్ కాదు. ఒక్కరోజుకైనా సౌదీ దాటాలంటే ఎగ్జిట్ రీఎంట్రీ వీసా కావాలి. మనిషికి 200 రియాళ్లు, నలుగురికి 800. వంతెన మధ్యలో ఉన్న దీవి దగ్గర ఈద్ రద్దీలో గంటల తరబడి కార్లోనే కూర్చోవాలి. 2018 దాకా సౌదీలో సినిమా హాళ్లు లేవు. అప్పట్లో సినిమా కోసమే బహ్రెయిన్ పోయేవాళ్లు ఎందరో. ఇప్పుడు హాళ్లు వచ్చాయి, అయినా వీళ్లు పోతూనే ఉన్నారు.

మా మరదలు షీర్ ఖుర్మా తీసుకుపోయింది. ఆ ఇంటి ఇల్లాలు సర్వపిండి చేసింది. రాత్రంతా సగం తెలుగు, సగం దక్ఖనీ. మెహదీపట్నం నుంచి మాదాపూర్ బస్సులో వేలాడిన రోజులు యాది చేసుకున్నారట. ఎంత జీతం, ఏం తెచ్చావ్, ఫ్లాట్ ఎప్పుడవుతుంది అని అడిగినవాళ్లు లేరు. తమ్ముడు రెండు రోజులు పొద్దెక్కేదాకా పడుకున్నాడని మరదలు ఫోన్‌లో చెప్పింది. హైదరాబాద్‌లో వాడట్లా పడుకున్నది నేనెన్నడూ చూడలేదు.

సౌదీలో 2017 జూలై నుంచి కుటుంబ సభ్యుల మీద ఫీజు పెట్టారు. మొదట తలకు నెలకు 100 రియాళ్లు, 2020 నాటికి 400. మరదలికీ ఇద్దరు పిల్లలకూ కలిపి నెలకు 1200. ఇన్నేళ్లు ఎట్లనో నెట్టుకొచ్చారు. పెద్దోడి కాలేజీ చదువు కూడా దగ్గరపడింది. ఈ ఎండాకాలం ముగ్గురూ కొండాపూర్ ఫ్లాట్‌కు వచ్చేస్తున్నారు. లోన్ తీరేదాకా తమ్ముడు అక్కడే. వచ్చే ఈద్‌కు వంతెన ఒక్కడే దాటతాడు.

ఇదంతా అమ్మీకి చెప్పాను. చాలాసేపు తస్బీ తిప్పుతూ కూర్చుంది. తర్వాత తమ్ముడికి ఫోన్ చేయించుకుని, "బేటా, వాళ్లింటికి ఖాళీ చేతుల్తో పోకు. నేనే ఏమన్నా చేసి పంపిస్తా" అంది.