"వయసైపోయింది కదా" అనే మాట మానేద్దాం

 

మన గ్రూపులో జీవో 3 గురించి, 1/70 చట్టం గురించి, డీఎస్సీ గురించి చాలా రాసుకున్నాం. మన ముసలోళ్ల గురించి మాత్రం పెద్దగా రాసుకోలేదు. వాళ్ల ఫొటోలు ఆదివాసీ దినోత్సవం నాడు పెట్టుకుంటాం, లైకులు కూడా బాగానే వస్తాయి. వాళ్ల మోకాళ్లు ఎలా ఉన్నాయో, కళ్లు ఎంతవరకు కనిపిస్తున్నాయో అడిగేవాళ్లు తక్కువ. అందుకే ఇది రాస్తున్నాం. మేం అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీ ఊళ్ల పిల్లలం. ఇప్పుడు విశాఖలో హాస్టళ్లలో ఉండి చదువుతున్నాం.

సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడల్లా ఒక మాట వింటాం. తాతకి కాలు లాగుతోందంటే "వయసైపోయింది కదా" అంటారు. మామ్మకి కన్ను మసకేసినా, దగ్గు నెలలు తరబడి తగ్గకపోయినా అదే మాట. ఇంట్లోవాళ్లూ అంటారు, ఆస్పత్రిలోనూ అంటారు, చివరికి ముసలోళ్లూ అదే అంటారు. ఆ మాటతో వైద్యం అక్కడే ఆగిపోతోంది.

ముందు కంటి సంగతి చూడండి. ముసలితనంలో చూపు తగ్గడానికి ఎక్కువగా కారణం శుక్లం. దాన్ని మందులతో కరిగించలేం గానీ ఆపరేషన్‌తో తీసేయొచ్చు. అది చిన్న ఆపరేషనే, ప్రభుత్వాస్పత్రుల్లో ఉచితంగానే చేస్తారు. మరి మన ఊళ్లలో ఎందుకు చేయించుకోవట్లేదు? తోడు వెళ్లేవాళ్లు లేక. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలపాటు రోజూ కంట్లో చుక్కలు వెయ్యాలి, పొగకీ దుమ్ముకీ దూరంగా ఉండాలి. వంట కట్టెల పొయ్యి మీదే అయ్యే ఇంట్లో, కొడుకూ కోడలూ పొద్దున్నే పోడుకి పోయాక, ఆ చుక్కలు ఎవరు వేస్తారు?

పొగ విషయంలో ఇంకోటి కూడా ఉంది. ఏళ్ల తరబడి కట్టెల పొగ పీల్చితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, శుక్లం వచ్చే అవకాశమూ పెరుగుతుంది. దానికి తోడు అడ్డపొగ. నిప్పు ఉన్న కొసని నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే ముసలమ్మలు ఉత్తరాంధ్రలో ఇంకా ఉన్నారు. ఆ వేడి నేరుగా అంగిటికి తగులుతుంది. అక్కడ క్యాన్సర్ రావడానికి ఇదొక ముఖ్య కారణమని డాక్టర్లు ఎప్పట్నుంచో చెబుతున్నారు. చుట్ట మానమంటే మామ్మ నవ్వి ఊరుకుంటుంది, అది మనకి తెలిసిందే. కనీసం నోరు తెరిపించి చూద్దాం. అంగిట్లో తెల్ల మచ్చ గానీ, రెండు వారాలైనా మానని పుండు గానీ కనిపిస్తే వెంటనే చూపించాలి.

ఇక ఆస్పత్రిలో మాట. పోయిన వానాకాలంలో మాలో ఇద్దరం ఒక మామ్మని మైదానంలోని ఒక ఆస్పత్రికి తీసుకెళ్లాం. "ఎన్నాళ్ల నుంచి ఆయాసం?" అని డాక్టరు అడిగారు. "ఇటుకల పండగ నుంచి" అంది మామ్మ. ఆయనకి అర్థం కాలేదు, "నాలుగు రోజులా?" అంటూ రాసుకోబోయారు. ఇటుకల పండగ అంటే చైత్రంలో వస్తుందని, నాలుగు నెలలు అయ్యిందని మేం చెప్పాకే పరీక్షలు రాశారు. మేం లేకపోతే నాలుగు రోజుల ఆయాసానికి మాత్రలిచ్చి పంపేవాళ్లు. కువి తప్ప వేరే భాష రాని ముసలోళ్ల పరిస్థితి ఇంకా కష్టం. వాళ్లకి చెప్పుకోవడానికి బాధ ఉంటుంది గానీ, ఆ బాధ ఎదుటివాళ్లకి అర్థమయ్యే భాషలో ఉండదు.

రోడ్డు లేని ఊళ్లలో అసలు అక్కడిదాకా చేరడమే పెద్ద పని. డోలీ గురించి పేపర్లో వచ్చేది ఎక్కువగా గర్భిణుల గురించి. ముసలోళ్లు డోలీ ఎక్కమంటేనే ఎక్కరు. "నా ఒక్కదాని కోసం నలుగురికి కూలి పోతుంది, వద్దురా" అంటారు. మా ఊళ్లలో ఈ మాట వినని ఇల్లు లేదు. జబ్బు కంటే ముందు ఈ మొహమాటమే వాళ్లని చంపుతోంది అనిపిస్తుంది మాకు. ఇది త్యాగం అని మనం పొగడకూడదు. రోడ్డు వెయ్యకపోవడం సర్కారు తప్పు. దాని ఖర్చు ముసలోళ్లు తమ ప్రాణంతో కట్టక్కర్లేదు.

వయసు కాగితం కూడా ఆరోగ్యం సంగతే. మన పెద్దోళ్లకి పుట్టిన తేదీ తెలీదు, అందుకే ఆధార్‌లో చాలామందికి జనవరి 1 అని ఉంటుంది. సంవత్సరం కూడా ఎదురుగా కూర్చున్నాయన చూసి అంచనాగా వేసిందే. ఏపీలో వృద్ధాప్య పింఛను మామూలుగా 60 ఏళ్లకి, ఎస్టీలకి 50 ఏళ్లకే. 2024 జులై నుంచి నెలకి 4,000 రూపాయలు. 70 దాటినవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా 5 లక్షల దాకా వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డుని కేంద్రం 2024 అక్టోబరులో మొదలుపెట్టింది. ఇవన్నీ ఆధార్‌లో ఉన్న వయసుని బట్టే వస్తాయి. అక్కడ పదేళ్లు తక్కువ పడితే పదేళ్లు ఆగాల్సిందే. పైగా పోడు చేసి చేసి వేలిగీతలు అరిగిపోయిన చేతులు మిషన్‌కి గుర్తు రావు. అప్పుడు కనుపాపతో గానీ ముఖంతో గానీ తీసుకోమని అడగాలి. అడిగే నోరు ఇంట్లో ఉండాలి కదా.

తిండి గురించి, ఒంటరితనం గురించి కూడా ఒక్క మాట. చోడి అంబలి, సామన్నం తగ్గి మూడు పూటలా రేషన్ బియ్యమే అయ్యింది. పళ్లు లేని తాతకి అంబలే సుఖం, అందులో బలం కూడా ఉంది. కానీ చోళ్లు విసరడానికి ఇంట్లో ఎవరికీ తీరిక లేదు. ఒకప్పుడు విత్తనం ఎంచడం, పిల్లల్ని చూసుకోవడం, తగువు తీర్చడం ముసలోళ్ల పనే. ఇప్పుడు "నువ్వు కూర్చో తాతా" అంటున్నాం. ప్రేమతోనే అంటున్నాం, అయినా రోజంతా ఊరికే కూర్చున్న మనిషి తొందరగా కుంగిపోతాడు.

సంక్రాంతికి అందరం ఊళ్లకి వెళ్తాం. ఒక్కొక్కరం మన ఇంట్లోవాళ్లతో పాటు, పక్కింట్లో పిల్లలు దగ్గర లేని ఒక ముసలాయన్నో ముసలమ్మనో చూసుకుందాం.

– ఆశా అక్కతో మాట్లాడి బీపీ, షుగర్ చూపిద్దాం. మాత్రల అట్టని ఫొటో తీసి ఉంచుకుందాం, అయిపోయే ముందు మనమే ఫోన్ చేసి గుర్తుచేయొచ్చు.
– ఒక కన్ను మూసి, దూరంగా వేళ్లు చూపించి లెక్కపెట్టమందాం. తర్వాత రెండో కన్ను. కనిపించకపోతే పేరు రాసుకుందాం.
– ఆధార్‌లో వయసు చూద్దాం. పెద్ద కొడుకు వయసుతో పోలిస్తే తేడా తెలిసిపోతుంది.
– దిసారి దగ్గరికి వెళ్తామంటే వెళ్లనిద్దాం, వెక్కిరించొద్దు. ఆయాసం, గుండెల్లో నొప్పి, మూతి వంకర పోవడం అయితే మాత్రం ముందు ఆస్పత్రికే.

కంటి ఆపరేషన్ కావాల్సినవాళ్ల పేర్లు గ్రూపులో పెట్టొద్దు, మండలం అడ్మిన్‌కి విడిగా పంపండి. ఎండాకాలం సెలవుల్లో ఎవరు ఎవరికి తోడు వెళ్లాలో, చుక్కలు ఎవరు వెయ్యాలో అప్పుడు కూర్చుని పంచుకుందాం. ఆ నెలన్నర మన దగ్గర ఖాళీగానే ఉంటుంది.