చీనావారి వీధిలో ఒక యుదయము

గత వేసవి సెలవులలో మేము మహబూబాబాదు స్టేషనులో రైలెక్కి, బెజవాడలో బండి మారి, కలకత్తా నగరమునకు బోయితిమి. శ్రీరాంపురమును జూడవలెనని శిక్షణ కళాశాలలో చదివిన నాటినుండి మాకు కోరిక. విలియం కేరీగారి తెలుగు వ్యాకరణము 1814లో అచ్చయిన దచ్చటనే. జాషువా మార్ష్‌మన్‌గారి చీనా బైబిలు 1822లో పూర్తియైనదియు నచ్చటనే. తెలుగును చీనాభాషయు నొకే ముద్రాక్షరశాలలో ఇరుగుపొరుగుగా నుండెనని మే మానందించుచుండగా, మాకు బస యిచ్చిన మిత్రుడు నవ్వి, "చీనావారిని పుస్తకములలో నేల వెదకెదరు? ఆదివారము తెల్లవారగనే టిరెట్టా బజారునకు పొండు. ఎనిమిది గంటలు దాటినచో గిన్నెలు ఖాళీ" యనెను.

ఆ ప్రకారము ఆరాధనకు ముందే బయలుదేరి, లాల్‌బజారు పోలీసు కార్యాలయమునకు సమీపముననున్న సన్ యట్ సెన్ వీధికి ఆరుగంటలకు జేరితిమి. అది గొప్ప వీధి కాదు. ఒక ప్రక్క కూరగాయల బేరము. మరియొక ప్రక్క బల్లలపై అల్యూమినియపు పాత్రలనుండి లేచు ఆవిరి.

ఒక పాత్ర మూత తీయగా తెల్లని మెత్తని యుండ కనబడెను. పులిసిన మైదాపిండిలో మాంసపు కూర పెట్టి ఆవిరిమీద నుడికింతురు. దాని పేరు 'బావ్'. చేత బట్టగానే మా యవ్వ చేసిన కుడుము జ్ఞప్తికి వచ్చెను. పలుచని పిండిపొరలో మాంసపు ముద్ద యుంచి, మూతి మూయక యుడికించినది 'శుమాయి'. చేపమాంసపు ఉండలు వేసిన వేడి చారును త్రాగితిమి. కట్టకడపట, నువ్వు లద్ది నూనెలో వేయించిన గుండ్రని తీపి వంటకమును గొంటిమి. పైన బియ్యపుపిండి పొర, లోపల తీపి ముద్ద. కొరికినంతనే, ఇది మన బూరెకు పినతల్లి బిడ్డ యనుకొంటిమి.

దాని నమ్ముచున్నది ఒక చీనా వృద్ధురాలు. మేము మాకు వచ్చిన హిందీలో, "అమ్మా, తమరు చీనానుండి వచ్చి యెన్నాళ్లయినది?" అని యడిగితిమి. ఆమె చిల్లర లెక్కించుచునే, "నేను ఈ వీధిలోనే పుట్టితిని. మా తండ్రియు నిచ్చటనే పుట్టెను. చీనాను నేనెన్నడును జూడలేదు. తమరు ఈ యూరికి వచ్చి యెన్నాళ్లయినది?" అనెను. నాలుగు దినములని చెప్పి తలవంచుకొంటిమి. ప్రక్కవారు నవ్విరి. ఆమెయు నవ్వి, మా కాగితములో మరియొక యుండ వేసెను.

వారెన్ హేస్టింగ్సు కాలముననే టాంగ్ అచ్యూ యను చీనావాడు బజ్‌బజ్ సమీపమున భూమి పొంది చక్కెర మిల్లు పెట్టెను. ఆ స్థలము నేటికిని అతని పేర అచిపూర్ అనబడుచున్నది. పిదప వచ్చినవారు వడ్రంగులు, చెప్పులు కుట్టువారు, పంటి వైద్యులు, తోళ్లు పదును చేయువారునై ఆ నగరమునకు పనికివచ్చిరి. ఆ దాపుననే 1905లో వెలసిన 'సీ ఇప్ చర్చి' యను పేరు చూచి, ఆరాధన యిచ్చటనే కానిత్తమని లోనికి బోగా, క్వాన్ యిన్ దేవి దర్శనమిచ్చెను! చీనా యాలయములను అచ్చట చర్చులందురట. మా తొందరపాటున కది రెండవ పాఠము.

మూడవ పాఠమును మిత్రుడు చెప్పెను. 1962 యుద్ధకాలమున అస్సాము, బెంగాలు మొదలగు ప్రాంతములలోని చీనా వంశీయులను సుమారు 3000 మందిని, పిల్లలతో గూడ, రాజస్థానమందలి దేవలీ శిబిరమున నిర్బంధించిరి. అందు పెక్కుమంది యీ దేశముననే పుట్టినవారు. కొందరు నాలుగైదేండ్లచ్చటనే యుండిరి. తిరిగివచ్చిన పలువురికి ఇల్లును అంగడియు మిగులలేదు. తరువాత ననేకులు కెనడా మొదలగు దేశములకు వలసపోయిరి. నేడా బజారున అమ్మువారిలో చీనావారు కొలదిమందియే.

ఇది విన్న రాత్రి మాకు నిదుర పట్టలేదు. 2019లో మా తరగతిలో ఈశాన్య రాష్ట్రమునుండి వచ్చిన బాలుడొకడుండెను. తండ్రి భూపాలపల్లి ప్రాంతమున పనిచేయుచుండెను. తోడిపిల్లలు వానిని "చైనా" యని పిలిచెడివారు. వాని పేరు మా నోట తిరుగకుండుటచే, ఒకదినము మేమును "చైనా, లేచి చదువు" మంటిమి. తరగతి ఘొల్లుమనెను. వాడును నవ్వెను. ఆ నవ్వును జూచి మాయందు తప్పు లేదనుకొంటిమి. సంక్రాంతి సెలవులకు వెళ్లినవాడు మరల రాలేదు. ఎందుకని మే మడుగనులేదు.

జనగామలో సాయంకాలమున బండ్లమీద గోబి మంచూరియా యమ్ముదురు. విద్యార్థులారా, మీలో పలువురు దాని నిష్టముగా దిందురు. ఆ వంటకము మంచూరియా దేశపుది కాదు. కలకత్తా చీనా కుటుంబమున బుట్టిన నెల్సన్ వాంగ్ గారు 1975లో బొంబాయిలో దానిని మొదట కోడిమాంసముతో వండిరని చెప్పుదురు. వంటను మనదిగా జేసికొంటిమి. వండినవారిని మాత్రము పరాయివారని పిలుచుచున్నాము.

ఈ సంవత్సరము బడి తెరచిన దినముననే ప్రతి విద్యార్థి పేరును వానిచేతనే పలికించుకొని, సరిగా వచ్చువరకు మేమును పలికితిమి. పాత హాజరుపట్టీ తీసి ఆ బాలుని పేరును గూడ నేర్చుకొంటిమి. ఇప్పుడు తప్పులేక పలుకగలము. పలుకుటకు వాడు మాత్రము తరగతిలో లేడు.