పుర్రె పక్కన పువ్వు

ముంజేతి మీద ఓ పుర్రె, దాని దవడకు ఆనుకుని విచ్చిన గులాబీ, అంతా నలుపూ బూడిదే. ఇలాంటి పచ్చబొట్టుతో అబ్బాయి ఇంటికొస్తే పెద్దవాళ్లు “ఇదేం అశుభంరా” అంటారు. అనడం సహజమే. కానీ ఈ బొమ్మ ఎక్కడిదో తెలిస్తే మనసు కరుగుతుందండీ. కాస్త ఇలా కూర్చోండి, చెబుతాను.

కాలిఫోర్నియా జైళ్లలో మెక్సికో మూలాలున్న చికానో ఖైదీలు పెంచిన పని ఇది. లోపల రంగులెక్కడ దొరుకుతాయి? పాత టేప్‌రికార్డర్ మోటారు, సానబట్టిన గిటారు తీగ, మసితో చేసుకున్న సిరా. ఉన్నది ఒకే సూది, ఒకే నలుపు. అందులోంచే అమ్మ ముఖం, మరియమ్మ, గులాబీలు తీశారు. 1975లో ఈస్ట్ లాస్ ఏంజెలెస్‌లో చార్లీ కార్ట్‌రైట్, జాక్ రూడీ అనే కళాకారులు పచ్చబొట్టు దుకాణం తెరిచి ఆ ఒంటిసూది పనిని వీధిలోకి తెచ్చారు. కుర్రతనంలో నిర్బంధ గృహాల్లో ఈ పనిలో చెయ్యి తిరిగిన ఫ్రెడ్డీ నెగ్రెటే తర్వాత వాళ్లతో కలిశాడు. లేమిలో ఇంత సున్నితమైన కళ పుట్టిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇక పుర్రె సంగతి. మెక్సికోలో నవంబరు 1, 2 తేదీల్లో జరిగే పండక్కి చనిపోయినవాళ్లు ఇంటికొస్తారని నమ్మకం. వాళ్లకు దారి చూపేది ఏ పూలనుకున్నారు? బంతిపూలు! మన గుమ్మాలకు కట్టే బంతికి పుట్టిల్లు ఆ దేశమే. 1913లో కన్నుమూసిన పొసాదా అనే చిత్రకారుడు పూల టోపీ పెట్టుకున్న పుర్రె దొరసానిని లోహపు రేకు మీద చెక్కాడు. 1947లో మరో చిత్రకారుడు దియేగో రివేరా తన కుడ్యచిత్రంలో ఆమెకు నిలువెత్తు రూపమిచ్చాడు. అక్కడివాళ్లకు పుర్రె అంటే బెదిరింపు కాదు, పోయిన మనిషిని పండక్కి పిలుచుకోవడం.

పనితనం దగ్గరికొద్దాం, నాకిష్టమైన భాగం ఇదే. నల్ల సిరాను నీళ్లతో పలచన చేసుకుంటూ పోతే బూడిదలో ఎన్ని ఛాయలో! కంటిగుంటలో చిక్కటి నలుపు, చెంప ఎముక దగ్గర పలచన, నుదుటి మీద ఏమీ వేయరు. అక్కడ మెరిసేది మీ చర్మమే. మన చామనఛాయ మీద ఈ బొమ్మ అందంగా నిలవాలంటే ముదురు నలుపు ధైర్యంగా వేయాలి, ఖాళీ చర్మం బాగా వదలాలి. అన్నిటినీ మధ్యరకం బూడిదతో నింపేస్తే కొన్నాళ్లకు పువ్వేదో ఎముకేదో తెలియదు. సిరా ఏళ్లు గడిచేకొద్దీ చర్మంలో కొద్దికొద్దిగా పరుచుకుంటుంది, ఎండకు లేత ఛాయలే ముందుగా వెలిసిపోతాయి. అందుకే చిన్నగా వేయించుకోవద్దని బతిమాలుతున్నాను.

పువ్వు గులాబీయే కానక్కర్లేదు సుమండీ. మీ నాయనమ్మ పెరట్లో మందారం ఉండేదా? అదే వేయించుకోండి, ఆ వెడల్పు రేకుల మీద బూడిద ఛాయలు హాయిగా జారతాయి. బంతి కావాలంటే మాత్రం అరచేయంత చోటివ్వండి, అన్ని మడతలు అంతకంటే తక్కువలో ఇమడవు.